టండ్రాలో తీరపక్షుల గుంపులు, ప్రణయ విన్యాసాలు ఒకే ట్రిప్‌లో చూడొచ్చా?

జూలైలో అలాస్కా వెళ్తున్నాం, రెండూ చూడొచ్చా అని అడిగారు. కష్టమండీ. అవి రెండూ ఒకే కాలంలో జరగవు.

నేనూ మొదట ఇలాగే పొరబడ్డాను. చలికాలంలో కాకినాడ తీరానికొచ్చే కర్లూ శాండ్‌పైపర్లనే తీరపక్షులను వందల్లో, ఒకే గుంపుగా చూసిన కళ్లు నావి. టండ్రాలోనూ (చెట్లు మొలవని ఉత్తరాది చలి మైదానం) అంతేననుకుని జూలై నడుమ అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్విక్ వెళ్లాను (2016 దాకా ఆ ఊరి పేరు బారో). గుంపులుగా కనిపించినవి దోమలే. పెక్టోరల్ శాండ్‌పైపర్ అనే మరో తీరపక్షి మగపిట్టలైతే అప్పటికే వెళ్లిపోయాయి. గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం ఆడదానికే వదిలేసి అవి ముందే బయల్దేరతాయి.

రెండోసారి జూన్ మొదటి వారంలో వెళ్లాను. సగం మంచు, సగం బురద. పెక్టోరల్ శాండ్‌పైపర్ మగది ఛాతీని సంచిలా ఉబ్బించుకుని, నేలకు కాస్త ఎత్తులో ఆడదాని మీదుగా ఎగురుతూ "హూ... హూ... హూ" అంటుంది. ఖాళీ సీసా మూతి దగ్గర ఊదితే వచ్చే శబ్దం. మొదట వినగానే ఎక్కడో పంపుసెట్టు ఆడుతోందనుకున్నాను! కిందికి దిగాక పక్క మగదాన్ని తరమడం, మళ్లీ లేవడం. పొద్దు గుంకదు కాబట్టి రాత్రి రెండింటికీ అదే గోల. అక్కడి మగపిట్టల మీద 2012లో ఒక పరిశోధన వచ్చింది. వాటిలో ఒకటి 19 రోజుల పాటు 95 శాతానికి పైగా సమయం మేలుకునే గడిపిందట. తక్కువ నిద్రపోయినవాటికే ఎక్కువ మంది పిల్లలు.

రెడ్ ఫాలరోప్‌లనే ఇంకో రకం తీరపక్షుల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ముస్తాబంతా ఆడదానిదే, మగవాటి కోసం కొట్లాడేదీ అదే. గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది, పొదిగేది మగది. రెండు రోజుల పాటు నా నోట్‌బుక్‌లో ఆడామగా తారుమారుగా రాసుకున్నాను.

గుంపులు కావాలంటే జూలై నెలాఖరు, ఆగస్టు. అప్పుడు ఫాలరోప్‌లు గులకరాళ్ల తీరం వెంట చేరి, నీళ్లలో బొంగరంలా తిరుగుతూ అడుగునున్న పురుగుల్ని పైకి రప్పించుకుంటాయి. పెద్దవి ముందు వలస పోతాయి, ఆ ఏడు పుట్టినవి వెనకాల వాటంతటవే బయల్దేరతాయి. నాకైతే జూన్ గోలే ఇష్టం. మీ టికెట్లు జూన్‌కి మార్చలేకపోతే కనీసం జూలై చివరికి జరపండి.

రబ్బరు బూట్లు తప్పనిసరి. ధ్రువపు ఎలుగులుంటాయి, తీరం వైపు ఒంటరిగా వెళ్లొద్దు. కాళ్ల ముందు పిట్ట ఎలుకలా నేలకు అతుక్కుని పరిగెడితే గూడు అక్కడే ఉన్నట్టు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.