స్నేహితుడి ఇంటికి వెళ్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీతో పదో తరగతి చదివిన స్నేహితుడు గుండెపోటుతో పోయి నెల దాటిందని, మీ బ్యాచ్ అంతా కలిసి బడిలో సంస్మరణ సభ పెడుతున్నారని, అక్కడ ఏం మాట్లాడాలో తోచడం లేదని రాశావు. సభ సంగతి తర్వాత చెబుతాను. ముందు వాళ్ల ఇంటికి వెళ్లు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నాకు పదహారేళ్లు. హైస్కూల్లో నా పక్కన కూర్చున్నవాడిది సొర్లగొంది వైపు, సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె. వాడితో పాటు ఇంటిల్లిపాదీ పోయారు. ఉయ్యూరులో కాపురం ఉంటున్న అక్క ఒక్కతే మిగిలింది. ఆమె ముందుకు వెళ్లాలంటే నాకు భయం వేసింది. ఏం చెప్పి ఓదార్చను, నన్ను చూస్తే తమ్ముడు గుర్తొచ్చి ఏడుస్తుంది కదా అనుకుంటూ పదకొండేళ్లు గడిపేశాను. 1988లో ఒక పెళ్లికి ఉయ్యూరు వెళ్లినప్పుడు, ఇక మనసొప్పక ఆ ఇంటి తలుపు తట్టాను. నేనెవరో చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, "వాడి ఫొటో ఏమైనా ఉందా తమ్ముడూ?" అని.

ఇల్లే కొట్టుకుపోయిన చోట ఫొటో ఎలా మిగులుతుంది? నా దగ్గర మాత్రం ఉంది. పదో తరగతి గ్రూపు ఫొటో, మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున. రెండో వరుసలో గోరంత ముఖం. స్టూడియోలో పెద్దది చేయిస్తే కళ్లూ ముక్కూ మసకబారాయి. అయినా దాన్నే పటం కట్టించి గోడకు పెట్టుకుంది. ఆ ముఖం కోసం ఆమె అన్నేళ్లు వెతుక్కుంది. అది నా పెట్టెలో ఉంది. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే వెళ్లమంటున్నాను. పెద్దకర్మ దాకా ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. నువ్వు వెళ్లవలసింది ఇప్పుడే. పదిమందిని వెంటేసుకుని వెళ్లకు. ఒక్కడివే వెళ్లు, మరీ బెరుకుగా ఉంటే ఇంకొకరిని తీసుకుపో. "ధైర్యం తెచ్చుకోండి", "రాసి పెట్టింది అంతే" వంటి మాటలు ఆ తల్లి ఇప్పటికే వందసార్లు విని ఉంటుంది. వాడి పేరు పెట్టి మాట్లాడు. పేరెత్తితే బాధపడుతుందని అందరూ మానేస్తారు, కన్నతల్లికి అదే పెద్ద బాధ. ట్యూషన్ ఎగ్గొట్టి కృష్ణ ఒడ్డున ఈత కొట్టిన సాయంత్రం, లెక్కల పరీక్ష ముందు రాత్రి వాడు నీకు కూర్చోబెట్టి నేర్పిన సూత్రం, ఇవి ఆమెకు తెలియవు. నువ్వు చెబితేనే తెలుస్తాయి. ఏడిస్తే ఏడవనివ్వు, లేచి రాకు.

రెండేళ్లుగా మీ ఇద్దరికీ మాటల్లేవని ఉత్తరం చివర రాశావు. నిన్ను నిద్రపోనివ్వనిది అదేనని నాకు అర్థమైంది. కానీ దాన్ని ఆ తల్లి ముందు పెట్టి క్షమాపణ అడగకు నాయనా. నీ బరువు కూడా ఆమె మొయ్యాలా? ఆమె అడిగితే మాత్రం దాచకు. మీ తగాదా సంగతి నాకు చెప్పు, రాత్రంతా అయినా వింటాను.

ఇంకో పని ఉంది, మొహమాటపడకుండా చెయ్యి. వాడి భార్య ఒప్పుకుంటే బ్యాంకు పాస్‌బుక్ తిరగేసి చూడు. మే నెలాఖరులో 436 రూపాయలు కోత పడి ఉంటే, అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. కుటుంబానికి 2 లక్షలు రావాలి. ఉద్యోగంలో పీఎఫ్ కట్టేవాడైతే, దానికి అనుబంధంగా ఉండే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవి తట్టవు. బ్యాంకు చుట్టూ తిరగడానికి ఒక స్నేహితుడు ఉంటే ఎంత మేలో చెప్పలేను.

వాడు పంపిన వాయిస్ మెసేజీలు నీ ఫోనులో ఉంటే ఈ రోజే వేరే చోట భద్రపరుచు. ఫోను మారిందంటే ఆ గొంతు ఉండదు. మీ గ్రూపులో వాళ్లందరినీ తలా ఒక సంఘటన రాసి పంపమను. "చాలా మంచివాడు" అని రాస్తే వెనక్కి పంపు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేశాడో కావాలి. అన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, మీ గ్రూపు ఫొటో ముందు పేజీలో అంటించి ఇంట్లో ఇవ్వు. వాడి కూతురికి మూడేళ్లన్నావు. ఆ పిల్ల చదువుకునే వయసుకు మీకెవరికీ ఇవి సరిగా గుర్తుండవు.

ఇక సభ. మూడు నిమిషాలు చాలు, ఒక్క సంఘటన చెప్పి దిగిపో. వాడి కోపం, వాడి మొండితనం కూడా రానివ్వు, దేవుణ్ణి చెయ్యకు. వాడి పేరున బహుమతి పెడతామని ఎవరైనా ఆవేశపడితే, ఏటా ఎవరు కడతారో తేలేదాకా మైకులో ప్రకటించవద్దని చెప్పు.

ఆదివారం బయలుదేరేటట్లయితే ముందు రోజు ఫోను చెయ్యి. అవనిగడ్డ బస్టాండులో ఉంటాను. వాళ్ల వీధి మొదలు దాకా వస్తాను, లోపలికి నువ్వే వెళ్లాలి.

మీ మామయ్య