ఫోర్కు అడగకండి

ప్రశ్న ఇది: "వచ్చే నెల న్యూయార్క్ వెళ్తున్నాను. పిజ్జా, బేగెల్ అక్కడే తినాలని అందరూ అంటున్నారు. ఏ కొట్టులో బాగుంటాయి? పిజ్జాను చేత్తో తినాలా, ఫోర్కుతోనా?"

ముందు చివరి మాటకు జవాబు చెబుతాను. చేత్తో తినండి, మడిచి తినండి, వీలైతే నిలబడి తినండి. ఫోర్కు అడిగితే ఇస్తారు. కానీ ఇచ్చేటప్పుడు ఒక చూపు చూస్తారు, దానికన్నా పస్తు ఉండటం నయం.

నేను 2007 నుంచి 2016 దాకా జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర ఉన్నాను. ఉద్యోగం నది అవతల, మన్‌హటన్‌లో. దోసెలూ చాట్లూ దొరికే ఇండియా స్క్వేర్ ఇంటికి దగ్గరే అయినా, తొమ్మిదేళ్ళు మధ్యాహ్నం పూట నా కడుపు నింపింది పిజ్జా ముక్కలే. ఎన్ని తిన్నానో నేను లెక్క పెట్టలేదు. మా ఆవిడ పెట్టింది, డాక్టరుకు చెప్పింది కూడా.

న్యూయార్క్ స్లైస్ అంటే మామూలుగా 18 అంగుళాల పిజ్జాలో ఎనిమిదో వంతు. కాగితం పళ్ళెంలో పట్టదు, మొన బయటికి వేలాడుతూ ఉంటుంది. పల్చన కాబట్టి ఎత్తగానే ముందుకు వాలిపోయి, చీజంతా చొక్కా మీదికి జారుతుంది. అందుకే వెనక అంచు దగ్గర చూపుడు వేలితో మధ్యలో నొక్కి, బొటనవేలితో, మధ్యవేలితో రెండు పక్కలనూ పైకి మడవాలి. మొన వెంటనే లేచి నిలబడుతుంది. ఒక దిక్కుకు వంచిన పల్చటి రేకు రెండో దిక్కుకు వంగదని, దీని వెనక 1827 నాటి గౌస్ సిద్ధాంతం ఉందని లెక్కల మాస్టార్లు చెబుతారు. తాటాకు తన మడతల మీద అంత బిగువుగా ఎలా నిలుస్తుందో చిన్నప్పటి నుంచి చూసిన మనకు గౌస్ వచ్చి చెప్పాలా?

2014 జనవరిలో, న్యూయార్క్ మేయరు అయిన కొత్తలోనే, బిల్ డి బ్లాసియో స్టాటెన్ ఐలాండ్‌లో పిజ్జాను కత్తీ ఫోర్కుతో తిన్నాడు. ఊరంతా నవ్వింది. మా పూర్వీకుల దేశంలో ఇలాగే తింటారని ఆయన సమర్థించుకున్నాడు. అది నిజమే. ఇటలీలో మనిషికొక పిజ్జా, ముక్కలు కోయకుండా పళ్ళెంలో పెట్టి ఇస్తారు, కూర్చుని కోసుకు తింటారు. కానీ అది వేరే తిండి. పూరీ తినే పద్ధతిలో పులిహోర తింటానంటే ఎలా కుదురుతుంది?

ఇక ఏ కొట్టు అన్న సంగతి. 1905 నాటిదని చెప్పుకునే లొంబార్డీస్, 1929లో మొదలై ఇప్పుడు బ్లీకర్ వీధిలో ఉన్న జాన్స్, ఇవి బొగ్గు పొయ్యి కొట్లు. ముక్కలు అమ్మరు, మొత్తం పిజ్జా కొనాల్సిందే. ఒంటరిగా వెళ్ళేవారికి అవి దండగ. ఒక్క ముక్క చాలనుకుంటే 1975లో మొదలై ఇప్పుడు కార్మైన్ వీధిలో ఉన్న జోస్‌కు వెళ్ళండి, నిరాశ పడరు. చికాగో వాళ్ళ లోతు మూకుడు పిజ్జా గురించి నన్ను అడగవద్దు, పైకి పిజ్జా పేరు పెట్టుకున్న గిన్నె అది. పక్క రాష్ట్రంలో ఉన్న న్యూ హేవెన్‌లో మాత్రం మంచిది చేస్తారు. ఈ మాట న్యూయార్క్‌లో ఎవరితోనూ అనకండి.

నన్ను అడిగితే మాత్రం అన్నిటికన్నా మంచి పిజ్జా బ్రూక్లిన్‌లో, ఎవెన్యూ జె మీద డి ఫారాలో ఉండేది. "ఉండేది" అనే అంటున్నాను.

2012 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. మూడు వారాల్లో చూడవలసినవన్నీ చూపించేశాను. స్వేచ్ఛా ప్రతిమ ఎలా ఉంది నాన్నా అంటే "బాగానే ఉంది" అన్నారు. టైమ్స్ స్క్వేర్? "బాగానే ఉంది." నయాగరా కూడా బాగానే ఉంది. మా ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలుసు, నాన్న నోట ఆ మాట వచ్చిందంటే నచ్చలేదని అర్థం. చివరికి విసుగు పుట్టి, ఒక ఆదివారం అమ్మను ఇంట్లో వదిలి ఆయనను ఎవెన్యూ జె తీసుకువెళ్ళాను. నది కింద నుంచి మన్‌హటన్ వెళ్ళే పాత్ రైలులో 33వ వీధి దాకా, అక్కడ Q అనే సబ్‌వే (మెట్రో) రైలు ఎక్కి మన్‌హటన్ వంతెన మీదుగా బ్రూక్లిన్. దిగేసరికి అంతా సంప్రదాయ యూదుల పేట, హీబ్రూ అక్షరాల బోర్డులు, నల్ల కోట్లు, నల్ల టోపీలు. "ఇది అమెరికాయేనా?" అన్నారు నాన్న. ఆ ట్రిప్పులో ఆయన ఉత్సాహంగా అడిగిన మొదటి ప్రశ్న అది.

మూల మీద చిన్న కొట్టు. లోపల ఇరవై మంది నిలబడి ఉన్నారు. బల్ల వెనక డెబ్భై అయిదు దాటిన పెద్దాయన, డామ్ డిమార్కో, నడుము వంగిపోయి, చొక్కా నిండా పిండితో ఒక్కరే పిజ్జా చేస్తున్నారు. ఇటలీ నుంచి వచ్చి 1960లలో ఆ కొట్టు పెట్టిన మనిషి. పిల్లలు పక్కనే ఉన్నారు, ఆర్డర్లు రాసుకుంటారు, డబ్బులు తీసుకుంటారు, పిండి మాత్రం ఆయనదే. ముద్దను సాగదీయడం, సాసు పూయడం, చీజు పరచడం, పొడుగు ముక్కు ఉన్న రాగి పాత్రతో ఆలివ్ నూనె చుట్టూ పోయడం. పొయ్యి తలుపు తీసి, లోపలి పిజ్జాను వట్టి చేత్తో పట్టుకుని బయటికి లాగారు. నా పక్కన నాన్న చెయ్యి ఉలిక్కిపడటం నాకు తెలిసింది. తర్వాత తురుముపీట తీసుకుని గట్టి చీజును పైన తురిమి, ఒక చేత్తో తులసి జాతి ఆకు కట్ట, ఒక చేత్తో కత్తెర పట్టుకుని, వేడి పిజ్జా మీద చిటచిటా కత్తిరించారు. ఎవరి వైపూ చూడరు. తొందర పడరు. గంట దాటింది. నాన్న ఒక్కసారి కూడా ఎంతసేపు అని అడగలేదు. బ్యాంకులో అయిదు నిమిషాలు నిలబెడితే మేనేజరు గదిలోకి వెళ్ళే మనిషి ఆయన.

"నాకన్నా పెద్దవారు కదరా" అన్నారు కాసేపటికి. "మన వీధి చివర పెసరట్ల తాతగారు కూడా ఇంతే. పెనం దగ్గరికి కన్నకొడుకును రానిచ్చేవాడు కాదు."

తెనాలిలో ఆ తాతగారిని నేనూ ఎరుగుదును. ఆయన పోయాక కొడుకు నడిపాడు, ఏడాది తిరగకుండా మూసేశాడు.

మా వంతు వచ్చింది. ముక్క అయిదు డాలర్లు. నాన్న మనసులో గుణించుకున్నారు. "275 రూపాయలా? మొత్తానికా, ముక్కకా?" ముక్కకే అన్నాను. అప్పట్లో సబ్‌వే టికెట్టు రెండుంపావు డాలర్లు. న్యూయార్క్‌లో పిజ్జా ముక్క ధర, సబ్‌వే ఛార్జీ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయని ఒక సామెత లాంటి లెక్క ఉంది, 1980లోనే న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. ఈ కొట్టు ఆ లెక్కకు లొంగలేదు. నాన్న పర్సులోకి చెయ్యి పెట్టబోతే నేను ఆపాను.

అలవాటు కొద్దీ ఆయన కోసం ప్లాస్టిక్ ఫోర్కు తెచ్చాను. దాన్ని పళ్ళెం పక్కన పెట్టి, చుట్టూ ఒకసారి చూశారు. తర్వాత ఆ ముక్కను కుడిచేత్తోనే, కిళ్ళీ మడిచినట్టు మడిచి ఎత్తారు. నాకు అది చేతకావడానికి ఆరు నెలలు పట్టింది. నూనె మోచేతి దాకా కారింది, పట్టించుకోలేదు. అంచు కూడా మిగల్చకుండా తిని, రుమాలుతో చెయ్యి తుడుచుకుని అన్నారు: "బాగుంది."

బాగానే కాదు. బాగుంది.

శాకాహారులకు ఒక్క మాట. పైన తురిమే గ్రానా పడానో, పార్మిజానో లాంటి ఇటాలియన్ గట్టి చీజుల్లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెనెట్ వాడతారు. పట్టింపు ఉన్నవారు ముందే అడిగి తెలుసుకోండి. నాకు ఇది ఆ తర్వాత రెండేళ్ళకు తెలిసింది. కోడిగుడ్డు కూడా ముట్టని నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. ఆయన ఇలాంటివి చదవరన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను.

బేగెల్ అడిగారు కదా. చూడటానికి గారె, నిజానికి గోధుమ రొట్టె. నాన్న కూడా అదే నమ్మకంతో కొరికారు. కట్టుడు పళ్ళు. రెండు నిమిషాలు నమిలి, "దీన్ని చేసినవాడికి మన మీద కోపమా?" అన్నారు. కోపం కాదు, పద్ధతి అది. పిండిని ఒక రాత్రి చల్లగా ఊరనిచ్చి, మాల్ట్ (మొలకెత్తిన బార్లీ పాకం) కలిపిన మరిగే నీళ్ళలో ముందు ఉడికించి, ఆ తర్వాతే కాలుస్తారు. అందుకే పైన మెరిసే తోలు, లోపల సాగే మెత్తదనం. 1960లలో బేగెల్ చేసే యంత్రం రాకముందు ఇదంతా చేతిపని, దానికి లోకల్ 338 అని ప్రత్యేకంగా కార్మిక సంఘమే ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల ఉడకబెట్టడం మానేసి ఆవిరి పట్టి కాలుస్తున్నారు. దాన్ని చిల్లు ఉన్న బన్ను అంటారు. నేను ఇప్పుడు ఉంటున్న డాలస్‌లో ఎక్కువగా దొరికేది అదే. మాంట్రియల్ వాళ్ళు తేనె కలిపిన నీళ్ళలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, సన్నగా, తియ్యగా ఉంటుంది. అది మిఠాయికి దగ్గర చుట్టం. దాన్ని న్యూయార్క్ బేగెల్‌తో పోల్చే వాదన ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను.

అన్నిటికీ కారణం నీళ్ళే అంటారు అక్కడివాళ్ళు. క్యాట్‌స్కిల్ కొండల నుంచి వచ్చే నీళ్ళు తేటవి, ఖనిజాలు తక్కువ, నిజమే. కానీ ఆ మాట నమ్మకండి. గోదావరి నీళ్ళ వల్లే మా పూతరేకులు అనే మా బావగారు కూడా ఇలాగే మాట్లాడతారు. ఒక రాత్రి ఊరనివ్వని పిండిని ఏ నదీ రక్షించదు.

బేగెల్‌ను కాల్చి ఇమ్మని అడగవద్దు. పొయ్యిలోంచి అప్పుడే దిగినదాన్ని మళ్ళీ కాల్చమనడం వండినవాణ్ణి అవమానించడమే. జర్నల్ స్క్వేర్‌లో ఒక కొట్టతను నేను అలా అడిగితే, నా చెయ్యి పట్టుకుని బేగెల్ మీద పెట్టి, "వేడిగా లేదా?" అని అడిగాడు. నిన్నటిదైతే కాల్చుకోండి, ఇంట్లో. పైగా కోయించుకున్నా, కాల్పించుకున్నా న్యూయార్క్‌లో అమ్మకం పన్ను పడుతుంది, కోయకుండా తీసుకుంటే పడదు. నేను ఇంటికి కట్టించుకున్నప్పుడల్లా కోయకుండానే తెచ్చుకునేవాణ్ణి. పిసినారితనం అనుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

మధ్యలో పూసేది క్రీమ్ చీజ్. డబ్బా మీద ఫిలడెల్ఫియా అని ఉంటుంది కానీ అది పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోనే. చేప తినేవారైతే లాక్స్ పెట్టించుకోండి, ఉప్పులో ఊరిన సాల్మన్ అది. పొగ పట్టించినది కావాలంటే నోవా అనాలి. నేను నువ్వులు, గసగసాలు, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు అన్నీ చల్లిన ఎవ్రీథింగ్ బేగెల్ మీద క్రీమ్ చీజ్ పూయించుకుని, ఆఫీసు సొరుగులో దాచుకున్న నల్లకారం చల్లుకునేవాణ్ణి. తెలుగువాళ్ళు కాని ఇద్దరిని ఆ దారిలోకి తెచ్చాను.

ఏ కొట్టు అంటే బ్రాడ్‌వే మీద, 108వ వీధి దగ్గర అబ్సల్యూట్ బేగెల్స్ అనేవాణ్ణి. థాయిలాండ్ నుంచి వచ్చినాయన పెట్టిన కొట్టు. 2024 డిసెంబరులో మూసేశారు. ఎసా బేగెల్ ఉంది, వెళ్ళండి. వరుస పొడుగ్గా ఉంటుంది.

డిమార్కో గారు 2022 మార్చిలో పోయారు. కొట్టు ఉంది. మీరు వెళ్ళండి, నన్ను రమ్మనకండి.

కిందటి సంక్రాంతికి విజయవాడలో మా చెల్లెలి ఇంట్లో పిల్లలు పిజ్జా తెప్పించారు. మొక్కజొన్న గింజలు, పనీరు ముక్కలు, రొట్టె అంత మందం. నాన్నకు ఎనభై దాటాయి. పెద్ద ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టించుకుని, చూపుడు వేలు మధ్యలో ఆనించి, రెండు పక్కలనూ మడవబోయారు. మధ్యలోకి విరిగింది, మొక్కజొన్న గింజలు పంచె మీద పడ్డాయి. మనవరాలు నవ్వింది.

నాన్న నా వైపు చూశారు. "ఫోర్కు ఉందా?" అని అడిగారు.