డ్రాప్ చెకర్ పచ్చగానే ఉంది, చేపలే పైకొస్తున్నాయి

మొక్కల అక్వేరియం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ కార్బన్ డయాక్సైడ్ చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి, మొక్కలు పెరగడానికి తొట్టె నీళ్లలోకి వదిలే ఈ గ్యాస్ సంగతే చూద్దాం.

ప్రశ్న: మాది మూడడుగుల తొట్టె, బోరు నీళ్లు. కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ గట్టిదనం) కొలిస్తే 12 వచ్చింది. రెండు కిలోల సిలిండరు బిగించి, షాపతను చెప్పినట్టే సెకనుకు మూడు బుడగలు పెట్టాను. డ్రాప్ చెకర్‌లో (గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే చిన్న పరికరం) తొట్టె నీళ్లే పోసి, కిట్‌తో వచ్చిన రంగు చుక్కలు వేశాను. రంగు చక్కగా ఆకుపచ్చగానే ఉంటోంది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి టెట్రా చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది?
– మియాపూర్ పాఠకుడు

జవాబు: ముందు చేపల్ని చూడండి, రంగు తర్వాత. అవి పైకొచ్చిన మరుక్షణం గ్యాస్ ఆపేయాలి. ఫిల్టరు పైపు మూతి నీటి మట్టానికి ఎత్తి, పైన అలలు లేచేట్టు తిప్పండి. ఎయిర్ పంపు ఉంటే వేయండి. ముందురోజు పట్టి ఉంచిన నీళ్లుంటే సగం మార్చండి. అప్పుడే తోడిన బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. భూమిలోంచి వచ్చే నీళ్లలో తరచూ ఇదే గ్యాస్ ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. అవి పోస్తే ఉన్న కష్టానికి ఇంకొంచెం కలిపినట్టే.

ఇక తేడా ఎక్కడంటే, మీ ఉత్తరంలోనే ఉంది: 'తొట్టె నీళ్లే పోసి' అన్నారు. డ్రాప్ చెకర్ గ్యాస్‌ను నేరుగా కొలవదు, లోపలి నీళ్ల పీహెచ్‌ను (ఆమ్లం, క్షారం కొలతను) చూపిస్తుంది. ఆ నీళ్ల కేహెచ్ 4 ఉంటేనే, పచ్చ రంగుకు లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాముల గ్యాస్ అని అర్థం. కేహెచ్ మూడింతలైతే అదే పచ్చ దగ్గర గ్యాస్ కూడా మూడింతలు. అంటే మీ తొట్టెలో 90 దాకా ఉండి ఉంటుంది. టెట్రాలు అబద్ధం చెప్పడం లేదు.

కేహెచ్ 4 ద్రావణం బయట దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.2 గ్రాముల వంటసోడా కరిగించండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసుకుని, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే లీటరు చేయండి. అంతే. చెంచాతో కొలిస్తే కుదరదు, నగల షాపులో ఉండేలాంటి చిన్న కాటా కావాలి. మినరల్ వాటర్ అసలు వద్దు, అందులో ఎంత కేహెచ్ ఉందో మనకు తెలీదు. ఈ ద్రావణం పోసి అవే రంగు చుక్కలు వేసుకోండి. నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ, పసుపైతే ఎక్కువ. ఇంకో మాట, ఈ రంగు ఇప్పుడున్న స్థితిని చూపదు. రెండు గంటల కిందటి సంగతి చెబుతుంది.

బుడగల లెక్కను నేను పెద్దగా నమ్మను. ఒక్కో కౌంటర్‌లో బుడగ ఒక్కో సైజులో ఉంటుంది. పక్కింటివాళ్ల మూడు బుడగలూ మీ మూడు బుడగలూ ఒకటి కావు. అది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుసుకోవడానికే. మీరు సెకనుకు ఒకటితో మళ్లీ మొదలుపెట్టండి, అదీ ఇంట్లో ఉండే ఆదివారం నాడు. గ్యాస్ వేగాన్ని మార్చే నీడిల్ వాల్వును వెంట్రుకవాసి తిప్పి, రెండు మూడు గంటలు చేపల్నీ రంగునీ చూడండి. ఒకసారి తిప్పాక మర్నాటిదాకా మళ్లీ చెయ్యి పెట్టొద్దు. చాలామంది ఆగలేనిది ఇక్కడే.

మీలాంటి గట్టి నీళ్లకు ఇంకో పరీక్ష కూడా మంచిది. గ్లాసుడు తొట్టె నీళ్లు తీసి ఒకరోజు బయట పెట్టండి, గ్యాస్ పోతుంది. దాని పీహెచ్ రాసుకోండి. లైట్లు వెలిగిన మూడు నాలుగు గంటలకు తొట్టెలో పీహెచ్ కొలవండి. తేడా ఒకటి దాకా ఉంటే సరిపోయింది. కేహెచ్ ఎంతున్నా ఈ లెక్క నడుస్తుంది. తేడా ఒకటి రాకముందే చేపలు పైకొస్తే మాత్రం చేపల మాటే వినండి. మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే వాటిలో ఆక్సిజన్ ఎలాగూ తగ్గిపోతుంది, ఆ నెలల్లో నేను గ్యాస్ ఒక మెట్టు తగ్గించే ఉంచుతాను.

చివరగా, మీ సోలనాయిడ్ (కరెంటుతో గ్యాస్‌ను తెరిచి మూసే వాల్వు) ఏ ప్లగ్గులో ఉందో చూసుకోండి. అది ఇన్వర్టర్ లైన్లో, ఫిల్టరు మామూలు లైన్లో ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు కదలవు, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. రెండూ ఒకే లైన్లో ఉండాలి. టైమరును లైట్లకు గంటన్నర ముందు గ్యాస్ వచ్చేట్టు, లైట్లు ఆరడానికి గంట ముందే ఆగేట్టు పెట్టండి. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకునేవే.

ప్రశ్న: మా అబ్బాయి చేపల తొట్టె కోసం పడగ్గదిలో గ్యాస్ సిలిండరు పెట్టాడు. రాత్రి ఏసీ వేసుకుని తలుపులన్నీ మూసి పడుకుంటాడు. వాడేమో 'ఏం కాదమ్మా' అంటాడు. నాకు ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ ఉత్తది కాదమ్మా. ఇది వంటగ్యాస్‌లా అంటుకోదు, ఆ భయం లేదు. కానీ వంటగ్యాస్‌కు వాసన కలుపుతారు, దీనికి వాసనా రంగూ ఉండవు. లీకైతే ముక్కుకు తెలీదు. గాలికన్నా బరువు కాబట్టి కింద చేరుతుంది. చాపేసుకుని పడుకునేవాళ్లకు ముందు తగులుతుంది.

అబ్బాయి లెక్కలడిగితే ఇలా చెప్పండి. రెండు కిలోల గ్యాస్ బయటికొస్తే వెయ్యి లీటర్లకు పైనే అవుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న మూసిన గదిలో అది మొత్తం వదిలితే గాలిలో నాలుగు శాతం దాకా చేరుతుంది. పని చేసే చోట ఎనిమిది గంటలకు పెట్టుకునే హద్దు అర శాతం. నాలుగు శాతాన్ని ప్రాణాపాయం కింద లెక్కేస్తారు. అంత ఒక్కసారిగా లీకవడం అరుదే, తలుపు సందుల్లోంచి కొంత పోతుంది కూడా. అయినా పడుకునే గదిలో ఎందుకా గొడవ? సిలిండరును హాల్లోకో వరండాలో నీడపట్టుకో మార్చి, ట్యూబు మాత్రం గదిలోకి తెచ్చుకోమనండి. అదీ కుదరకపోతే రాత్రిళ్లు సిలిండరు మీది మెయిన్ వాల్వే కట్టేయాలి, సోలనాయిడ్ ఉంది కదా అనుకోవద్దు. పొద్దున లేవగానే తలనొప్పి, ఆయాసం అంటే తలుపులు తీసి ముందు మనిషిని బయటికి తీసుకురండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఫైర్ సేఫ్టీ షాపులో పాత కార్బన్ డయాక్సైడ్ సిలిండరు చవగ్గా ఇస్తామన్నారు. కొనొచ్చా? రెగ్యులేటరు ఎలా బిగించాలి?
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: కొనొచ్చు, కానీ అలాగే బిగించొద్దు. మంటలార్పే సిలిండరు లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది. నిలబెట్టి తెరిస్తే గ్యాస్ బదులు ద్రవమే రెగ్యులేటరులోకి దూసుకొస్తుంది. ఖాళీ సిలిండరులోంచి ఆ గొట్టం తీసి, తిప్పే వాల్వు వేసి, మీ రెగ్యులేటరు మరకు సరిపోతుందో లేదో షాపులోనే చూసి ఇమ్మనండి. మీరు సొంతంగా విప్పొద్దు. మెడ దగ్గర కొట్టి ఉన్న టెస్టు తేదీ చూడండి. గడువు దాటితే మళ్లీ టెస్టు చేయించాకే నింపాలి.

నింపేటప్పుడు 'ఇంకొంచెం పట్టండి' అనకండి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం ద్రవంలా ఉండదు, ప్రెషరు చకచకా పెరుగుతుంది. మన వేసవిలో గది వేడే అంతకన్నా ఎక్కువ. మోతాదు మించి నింపితే సేఫ్టీ డిస్కు పగిలి, ఉన్నదంతా ఒక్కసారే బయటికొస్తుంది. ఎండలో నిలిపిన కారులో అస్సలు వదలొద్దు, తెచ్చేటప్పుడు అద్దాలు దించి తీసుకురండి.

ఇంట్లో సిలిండరును నిలువుగా పెట్టి గోడకు బెల్టుతో కట్టండి. రెగ్యులేటరు జాయింటులో వాషరు సరిగ్గా కూర్చుందో లేదో చూసి స్పానరుతో బిగించండి. ఆ మరకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, గ్యాస్‌ను ఆపాల్సింది వాషరే. నీడిల్ వాల్వు మూసి, ప్రెషరు నాబు వదులుచేసి, పక్కకు నిలబడి మెయిన్ వాల్వును నెమ్మదిగా తెరవండి. జాయింట్లన్నింటికీ సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే వాల్వు కట్టేశాకే బిగించండి. ఆ తర్వాత ప్రెషరు రెండు బార్ల దాకా తెచ్చి, అప్పుడు నీడిల్ వాల్వు జోలికి వెళ్లండి. గ్యాస్‌ను సన్న బుడగలుగా నీళ్లలో కలిపే డిఫ్యూజరుకూ బుడగలు లెక్కపెట్టే బబుల్ కౌంటరుకూ మధ్య చెక్ వాల్వు తప్పనిసరి, లేకపోతే గ్యాస్ ఆగినప్పుడు తొట్టె నీళ్లు వెనక్కి పారి రెగ్యులేటరులో చేరతాయి. ఎయిర్ పంపు సిలికాన్ ట్యూబు గోడల్లోంచి గ్యాస్ పోతూ ఉంటుంది, పీయూ (పాలీయురేథేన్) ట్యూబు తీసుకోండి.

ప్రశ్న: గ్యాస్ సిలిండరు గేజు ముల్లు నెలల తరబడి కదల్లేదు, ఇప్పుడు రెండు రోజుల్లో సగానికి పడింది. పాడైందా?
– తెనాలి పాఠకుడు

జవాబు: గేజు బాగానే ఉంది, గ్యాసే అయిపోతోంది. లోపల ద్రవం ఉన్నంతకాలం ప్రెషరు మారదు, అది అయిపోగానే ముల్లు పడుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండరును కాటా మీద పెట్టడమే. ముల్లు పడ్డాక కొన్ని రెగ్యులేటర్లలో గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువగా వచ్చి రాత్రికి రాత్రి చేపలు చచ్చిపోతాయి. ఇవాళే కట్టేసి నింపించుకోండి.

ప్రశ్న: గ్యాస్ కోసం పంచదార, ఈస్టు కలిపిన బాటిల్‌కు సోలనాయిడ్ పెట్టొచ్చా? మా తొట్టెలో ఉన్నవి అనూబియాస్, జావా ఫెర్న్.
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: పెట్టొద్దు. సోలనాయిడ్ మూసుకున్నా ఈస్టు ఆగదు, బాటిల్ పగులుతుంది. అయినా మీరు చెప్పిన రెండు మొక్కలకూ విడిగా గ్యాస్ అక్కర్లేదు. వాటిని రాయికో చెక్కకో కట్టి, అనూబియాస్ దుంప మట్టిలో పూడిపోకుండా చూసుకోండి. లైటు ఆరేడు గంటలు చాలు.