రెండు గొట్టాల మధ్య తేడా పారిటీ ఉల్లంఘనేనా? – సమాధానం

కైరల్ (కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాలైన రెండు రూపాలుండే) ప్లాటినం సంయోగం కుడి, ఎడమ రూపాలను వేర్వేరు గొట్టాలలో ఉంచి తీసిన ప్లాటినం-195 ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాలు స్పందించే పౌనఃపున్యాన్ని కొలిచే పద్ధతి) వర్ణపటాలలో 3 హెర్ట్జ్ తేడా కనిపించిందని, అది పారిటీ ఉల్లంఘనేనా, అంటే ప్రకృతి నియమాలు ఒక వస్తువుకూ దాని అద్దపు ప్రతిబింబానికీ ఒకేలా వర్తించకపోవడమేనా అని మీరు అడిగారు. కాదనే చెప్పాలి. పారిటీని ఉల్లంఘించే బలహీన కేంద్రక బలం వల్ల బరువైన కేంద్రకాలలో సైతం రావచ్చని గణనలు సూచించే తేడా మిల్లీహెర్ట్జ్ స్థాయిలోనిది. ప్లాటినం సంకేతమైతే ఉష్ణోగ్రత డిగ్రీలో పదో వంతు మారినా కొన్ని హెర్ట్జ్‌లు జరిగిపోతుంది.

అందుచేత రెండు రూపాలనూ సమపాళ్లలో ఒకే గొట్టంలో కలపండి. మామూలు ద్రావణిలో వాటి శిఖరాలు విడిపోవు కనుక, వాటితో బలహీనంగా జతకట్టి వేగంగా విడిపోయే కైరల్ సహాయక పదార్థాన్ని చేర్చి, ఆ పదార్థపు కుడి, ఎడమ పాళ్లను మారుస్తూ శిఖరాల మధ్య ఎడాన్ని, దాని గుర్తుతో సహా, గ్రాఫుగా గీయండి. పారిటీ చెక్కుచెదరకపోతే, ఆ పాళ్లు సమానమైన చోట ఎడం కచ్చితంగా సున్నా కావాలి. అక్కడ మిగిలేదే మీరు వెతుకుతున్న సంకేతం. 2017లో కార్బన్-13పై ఈ పద్ధతినే ప్రయోగించి చూపారు.

ఏ శిఖరం ఏ రూపానిదో తేల్చుకోవడానికి ఒక రూపం ఎక్కువగా ఉన్న నమూనాను విడిగా వాడండి; అసలు కొలతలో అలా చేస్తే అణువులు తమలో తాము జతకట్టి కృత్రిమమైన చీలికను తెచ్చిపెట్టవచ్చు. ఇంకా పెద్ద అయస్కాంతం కోసం తొందరపడవద్దు, ఎందుకంటే బలమైన క్షేత్రంలో ప్లాటినం శిఖరాలు తరచుగా వెడల్పవుతాయి.