మీ బండి – మా జవాబు: పాత జిప్సీకి తుప్పు

ప్రశ్న: మాది 1998 నాటి మారుతి జిప్సీ. భీమునిపట్నంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటాం. ఈమధ్య డ్రైవరు కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్ ఎత్తి చూస్తే, కింద రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవరుతో గుచ్చితే అవతలికి దిగింది. తలుపు కింది పట్టీ మీద, వెనుక చక్రం పైభాగంలో రంగు బుడగలు లేచాయి. ఒక షెడ్డువారు ఫైబరు అంటించి పుట్టీ పెడితే చాలంటున్నారు. ఇంకొకరు కోసి వెల్డింగ్ చేయాలంటున్నారు. మూడో ఆయన అల్యూమినియం చెకర్ ప్లేటు (ఉబ్బెత్తు గళ్లున్న రేకు) రివెట్లతో బిగిస్తే ఇక చూడక్కర్లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: రెండో ఆయన మాట వినండి. అయితే ఎంతవరకు కోస్తారో, మాసిక వేశాక దాని వెనుక వైపు ఏం పూస్తారో అడిగి తెలుసుకున్నాకే బండి అప్పగించండి. మాసిక మన్నిక పైకి కనిపించే నునుపులో ఉండదు, ఆ వెనుక వైపున ఉంటుంది.

మీకు కనిపించిన బుడగలు తుప్పు మొదలైన చోటు కావు, అది బయటపడిన చోటు మాత్రమే. తలుపు కింది పట్టీ లోపల బోలుగా ఉంటుంది. దాని అడుగున నీరు కారిపోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. మట్టి చేరి అవి పూడుకుపోయినప్పుడు లోపల నిలిచిన తడి రేకును లోపలి నుంచే తినడం మొదలుపెడుతుంది, కనుక పైన రంగు ఉబ్బే నాటికి రేకు మందంలో చాలా భాగం పోయి ఉంటుంది. మీ ఊళ్లో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. తడిలో కరిగిన ఉప్పు విద్యుత్తును తేలిగ్గా ప్రసరింపజేసి తుప్పును వేగిరపరుస్తుంది. పైగా గాలిలోని తేమను తనే పీల్చుకుని రేకును ఆరనివ్వదు. క్యాన్వాస్ టాపు ఉన్న బండిలో వాన జల్లు లోపలికి రాకుండా ఆపలేం, ఆ తడి మ్యాట్ కింద చేరి ఆరదు. కాబట్టి రబ్బరు మ్యాట్ రేకును కాపాడుతుందనుకోవడం భ్రమ. నేనూ మా పాత జీపులో అదే భ్రమతో మ్యాట్‌ను అంచుల వెంట జిగురుతో అంటించి, నాలుగు వర్షాకాలాల తర్వాత ఊడదీస్తే రేకు సగం మ్యాట్‌తో పాటే లేచి వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు చాసిస్, అంటే బండి బరువు మోసే అడుగు చట్రం, చూడండి. 1985లో వచ్చిన తొలి జిప్సీ నుంచీ బాడీని విడిగా ఉండే నిచ్చెన చాసిస్ మీద రబ్బరు బుష్‌లు వేసి బోల్టులతో బిగించారు. కాబట్టి కాళ్ల దగ్గర చిల్లు పడినంత మాత్రాన బండి పనికిరాకుండా పోదు. కానీ బాడీ చాసిస్ మీద కూర్చునే ఆ బోల్టుల చోట్లు, స్ప్రింగు కమాన్లు పట్టుకునే బ్రాకెట్లు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన పని కాదు, ప్రాణానికి సంబంధించినది. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, చివికినది డొల్లగా పలుకుతుంది. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ముందు దాని సంగతి తేల్చాకే రేకుల పనికి రండి.

ఫైబరు, పుట్టీ తుప్పును ఆపవు, కప్పుతాయి. పుట్టీ తేమను పీలుస్తుంది కూడా. ఇక చెకర్ ప్లేటు సలహా మూడింటిలోకీ చెడ్డది: ఇనుమును, అల్యూమినియాన్ని నేరుగా తాకేలా బిగించి మధ్యలో ఉప్పునీరు చేరనిస్తే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై ముందు అల్యూమినియం పొడిపొడిగా రాలిపోతుంది, ఆ ప్లేటు కింద నిలిచే తడి మీ రేకునూ విడిచిపెట్టదు.

సరైన పద్ధతిలో, చిల్లు చుట్టూ మెరిసే లోహం తగిలే వరకు గ్రైండరుతో గీకి, అక్కడి నుంచి ఇంకో అంగుళం మంచి రేకులోకి వెళ్లి కోయాలి. అరచేయంత చిల్లుకు పళ్లెమంత కోత పడితే కంగారు పడకండి. అంచులో నల్లటి గుంతలు మిగిల్చి మాసిక వేసే మేస్త్రీని చూసి కంగారు పడండి. మాసికకు 20 గేజు రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం, సరిపోతుంది. మూలలు గుండ్రంగా ఉండాలి. షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అనే పద్ధతిలో 0.8 మిల్లీమీటర్ల తీగతో, ఒకే గీతగా లాగకుండా, ఎదురెదురు చోట్ల చుక్కలు పెట్టుకుంటూ వాటి మధ్య ఖాళీలను నెమ్మదిగా నింపాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి ఇంత పల్చని రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. జీఐ (జింకు పూసిన ఇనుప) రేకు వాడితే అంచుల్లో ఆ పూత గీకేయమనండి, ఎందుకంటే ఆ పూత కాలిన పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం రావచ్చు. బ్యాటరీ నెగటివ్ తీగ ముందే విప్పాలి. వెనుక భాగంలో పనైతే పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాకే నిప్పు రాజేయాలి.

కోయనక్కర లేని చోట, అంటే గుంతలు పడినా రేకు గట్టిగానే ఉన్న చోట, తీగ బ్రష్షుతో పొరలు రాల్చి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి ఆరబెట్టి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూయవచ్చు. పొరలు రాల్చకుండా పూస్తే మందు పైపొరకే ఖర్చవుతుంది. డబ్బా మీద రాసినట్లు ఆ ఆమ్లాన్ని తొలగించాకే ఎపాక్సీ ప్రైమరు వేయాలి, లేకుంటే ప్రైమరు పట్టదు. మీ తీరంలో గీకిన రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది కాబట్టి, గీకిన రోజే, ఎండ బాగా ఉన్న వేళ, రెండు పూతలు పూర్తి చేయించండి. ఆ తర్వాత అతుకుల వెంట సీలర్, పైన రంగు, రంగు ఆరాక బోలు భాగాల్లోకి మైనం స్ప్రే. ఈ చివరి పనిని చాలా షెడ్లు ఎగ్గొడతాయి, దగ్గరుండి చేయించండి.

ఒక ముఖ్యమైన మాట: చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండరు ఆననివ్వకండి, మందంగా రంగు పూయనివ్వకండి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు ఆ అంకెలు చదవడానికి రాకపోతే మీ శ్రమ మొత్తం రవాణా కార్యాలయం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బండి రంగు మార్చదలచుకుంటే ఆర్సీలో నమోదు చేయించడం మరవకండి.

ప్రశ్న: మా మహీంద్రా జీపును పొలం పనులకు బురదలో వాడతాం. తుప్పు పట్టకుండా ఏటా అడుగున కాలిన ఇంజనాయిల్ కొట్టిస్తున్నాను. మంచిదేనా?
— ఒక రైతు, మధిర

జవాబు: తుప్పు కొంత తగ్గే మాట నిజమే. కానీ ఆ ఆయిలు రబ్బరు బుష్‌లను ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్మును అంటించుకుంటుంది, పొలంలోనూ కారుతుంది. బ్రేకు డ్రమ్ముల మీద పడితే ఇంకా ప్రమాదం. దాని బదులు దమ్ము చేసి వచ్చిన రోజే, బురద ఎండకముందు, చక్రాల గూళ్ల లోపలి అంచుల్లోకి గొట్టంతో నీళ్లు కొట్టించండి. తలుపుల అడుగున ఉన్న నీటి రంధ్రాల్లో సన్నని తీగ తిప్పి చూడండి. మరునాడు తలుపులు తెరిచి బండిని ఎండలో పెట్టండి.