బాల్డర్స్ గేట్ 3 గేమ్ బాగా నచ్చింది. 1990ల నాటి ఆర్‌పీజీలు (ఒక పాత్రగా మారి కథను నడిపించే గేములు) ఇప్పుడు మొదటిసారి ఆడితే విసుగొస్తుందా?

రాదు. కాకపోతే ముందు ఏది ఆడతారన్నది చాలా ముఖ్యం.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2004లో ఇంజనీరింగ్ మొదటి ఏడాది, హాస్టల్లో పక్క గది సీనియర్ కంప్యూటర్‌లో ప్లేన్‌స్కేప్: టార్మెంట్ చూశాను. 1999లో వచ్చిన గేమ్ అది. మార్చురీలో బల్ల మీద పడున్న శవం ఒకటి లేచి కూర్చుంటుంది. ఆ మనిషికి తన పేరే గుర్తుండదు. గాల్లో తేలే పుర్రె ఒకటి వచ్చి, అతని వీపు మీదున్న పచ్చబొట్టు చదివి వినిపిస్తుంది. అతను తన కోసం తానే రాయించుకున్న సూచనలవి. అక్కణ్ణుంచి నాకు నిద్ర లేదు.

ఆ గేమ్ నిండా చదవడమే. మొత్తం 8 లక్షల పదాల దాకా ఉంటాయంటారు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆడాను. కథ జరిగే సిగిల్ ఊళ్లో మాత్రం బెర్క్, కట్టర్, జింక్ లాంటి మాటలకు డిక్షనరీ పనికిరాలేదు, అది ఆ ఊరి యాస. వినగా వినగా జింక్ అంటే డబ్బులని పట్టుబడింది, కొత్త ఊరికి కాపురానికి వెళ్లినవాళ్లకు అక్కడి మాట పట్టుబడినట్టు. గేమ్ పూర్తయ్యేసరికి మూడు నెలలు. నా ఇంగ్లీషు క్లాసులో కంటే ఆ సిగిల్ సందుల్లోనే ఎక్కువ బాగుపడిందని ఇప్పటికీ నమ్ముతాను.

మధ్యలో రావెల్ అనే మంత్రగత్తె అడుగుతుంది, మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదని. ఎంచుకోవడానికి జవాబులు చాలానే ఉంటాయి. ఏదీ నొక్కకుండా ఆ సాయంత్రమంతా మా నాన్న గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ ఉన్న గేమూ నన్ను అలా కూర్చోబెట్టలేదు. పాత గేములు ఆడమని చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

రెండోది ఫాలౌట్, 1997. అణుయుద్ధం తర్వాత వాల్ట్ 13 అనే నేలమాళిగలో బతుకుతున్న జనానికి నీళ్లు శుభ్రం చేసే చిప్ పాడవుతుంది. 150 రోజుల్లో కొత్తది తేవాలి. ఎటు వెళ్లాలో బాణం గుర్తు పెట్టి చూపించరు, మీరే నలుగురినీ అడిగి కనుక్కోవాలి. ఎడారిలో నడుస్తుంటే రోజులు కరిగిపోతుంటాయి, నిజంగానే టెన్షన్ వస్తుంది. హబ్ అనే ఊళ్లో నీళ్ల వ్యాపారులకు డబ్బిచ్చి మీవాళ్లకు నీళ్లు పంపిస్తే ఇంకో 100 రోజుల గడువు దొరుకుతుంది. పాత్రకు తెలివి పాయింట్లు మరీ తక్కువ పెడితే నోట్లోంచి మాట కూడా సరిగ్గా రాదు. చివరి శత్రువునైతే ఒక్క తూటా పేల్చకుండా, సరైన ఆధారం చూపించి మాటలతోనే ఓడించొచ్చు. ఆ ఆధారం ఏంటో మాత్రం మీరే వెతుక్కోండి, ఎక్కడా ముందుగా చదవొద్దు.

మూడో భాగం నచ్చింది కాబట్టి మీరు నేరుగా 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌కి వెళ్తారేమో. దాన్ని కొన్నాళ్లు ఆపండి. అది పాత డి అండ్ డి, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రూల్స్ మీద నడుస్తుంది. అందులో ఆర్మర్ నంబర్ (దెబ్బల నుంచి ఎంత కాపాడుతుందో చూపే అంకె) ఎంత తగ్గితే అంత మంచిది, ఇది బుర్రకెక్కడానికే నాకు వారం పట్టింది. మొదటి లెవెల్ మాంత్రికుడైతే తోడేలు రెండుసార్లు కరిస్తే ప్రాణం పోతుంది. తర్వాత ఆడినా ఎన్‌హాన్స్‌డ్ ఎడిషనే (తర్వాత మెరుగుపరిచి విడుదల చేసిన వెర్షన్) తీసుకోండి, అందులో చావు లేని స్టోరీ మోడ్ ఉంది. మొదటి భాగం కంటే 2000లో వచ్చిన రెండోదే నాకు ఎక్కువ ఇష్టం.

కొనడానికి ఇబ్బందేం లేదు. పాత గేములు ఇప్పటి విండోస్‌లో నడిచేలా సరిచేసి గాగ్ సైట్లో అమ్ముతారు. ప్లేన్‌స్కేప్‌కి 2017లో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ వచ్చింది, ఫోన్లో కూడా ఉంది. కానీ అంత చదవాలంటే పెద్ద స్క్రీనే మేలు. మొదటి రెండు గంటలు ఓపిక పట్టండి. పాత్రను తయారుచేసేటప్పుడు బలం తగ్గించి విజ్‌డమ్‌కి ఎక్కువ పాయింట్లు వేయండి, అతనికి పాత జ్ఞాపకాలు తిరిగొచ్చేది దాని వల్లే. మార్చురీలో పెద్ద పుస్తకం ముందు కూర్చుని దగ్గుతూ చనిపోయినవాళ్ల లెక్క రాసే ముసలి గుమస్తా ఉంటాడు. ఆయనతో మాట్లాడకుండా బయటికి వెళ్లకండి, ఆయన మిమ్మల్ని ఇంతకు ముందే చూశాడు.