పాత జర్మన్ ఫిడేలు, లోపల స్ట్రాడివేరియస్ చీటీ: 60 వేలకు కొనవచ్చా?

మీ అమ్మాయి వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది, ఎవరో తాతగారి కాలం నాటి ఫిడేలు 60 వేలకు ఇస్తామంటున్నారు, లోపల ‘ఆంటోనియస్ స్ట్రాడివేరియస్’ అని చీటీ ఉంది, తీసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. చీటీ సంగతి ముందు తేల్చేస్తాను. దానికి పైసా విలువ కట్టకండి. స్ట్రాడివేరి అంటే ఇటలీలో ఫిడేళ్ళు చేసిన మహా పనివాడు, 1737లో పోయాడు. ఆయన చేసినవి ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 650 దాకా మిగిలాయంటారు. 2011లో వాటిలో ఒకటి కోటీ 59 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మీకు 60 వేలకు ఎవరిస్తారు? జర్మనీలో మార్క్‌న్యూకిర్షెన్ చుట్టుపక్కల వంద, నూట యాభై ఏళ్ళ క్రితం ఫిడేళ్ళు బుట్టలకొద్దీ చేసి, ఆ నమూనా అని చెప్పడానికి ఆ చీటీ అంటించేవారు. చీటీ కింద చిన్నగా జర్మనీ అని కూడా ఉందేమో టార్చి వేసి చూడండి. 1891 నుంచి అమెరికాకి వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అక్కడ చట్టం. కాబట్టి ఆ మాట కనబడితే వయసు కూడా కొంత తెలిసిపోతుంది.

చీటీ అబద్ధమైనంత మాత్రాన ఫిడేలు చెడ్డదని కాదు. నాది కూడా అలాంటి చీటీ ఫిడేలే. నా మటుకు నేను అడిగేది వేరు. మీకు ఫిడేలు బాగుచేసే మనిషి తెలుసా? తెలియకపోతే ముందు ఆయన్ని వెతుక్కోండి, ఫిడేలు తర్వాత. ఎందుకంటున్నానో చెబుతాను.

మాది విజయనగరం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు. మా ఇంట్లో దాన్ని ఫిడేలు అనే అనేవాళ్ళం, ఇప్పటికీ నోటికి వయొలిన్ రాదు. పెళ్ళయ్యాక విశాఖ వచ్చాం. ఒక ఏడాది వానల్లో మంద్ర స్థాయి తీగ మీద కమాను పెడితే చాలు, జుయ్యిమని ఏదో వణుకు. తీగ మార్చాను, పోలేదు. మా మాస్టారు చెప్పినట్టు వేలి కణుపుతో అంచు చుట్టూ కొట్టుకుంటూ వస్తే, గడ్డం ఆనించే వైపు ఒకచోట చప్పుడు మారింది. విజిటింగ్ కార్డు అంచు పెడితే లోపలికి దూరింది! పై పలక జిగురు విడిపోయిందన్నమాట. చెన్నై పంపించమన్నారు మాస్టారు. నాకేమో అయిదు రోజుల్లో దసరా కచేరీ. మా ఇంట్లో బీరువాలు చేసిన వడ్రంగిని పిలిచాను. ఆయన తెల్ల జిగురు పెట్టి, బిగించి, తెల్లారేసరికి ఇచ్చేశాడు. రాయిలా అతుక్కుంది. వంద రూపాయలతో అయిపోయిందని నేను తెగ సంబరపడ్డాను.

మరుసటి వేసవికి మావారికి హైదరాబాద్ బదిలీ అయింది. మే నెల, రాత్రీ పగలూ ఏసీ. ఒక మధ్యాహ్నం భోంచేస్తుంటే గదిలోంచి ‘టప్’మని వినిపించింది. బల్బు పేలిందనుకున్నాను. సాయంత్రం పెట్టె తెరిస్తే, ఎఫ్ ఆకారంలో ఉండే రంధ్రం దగ్గర్నుంచి కిందికి జానెడు బీట.

అదే చెన్నై తీసుకెళ్ళాను. అక్కడ ఫిడేళ్ళు బాగుచేసే పెద్దాయన తిట్టలేదు, అది ఇంకా బాధ. మొండి కత్తి ఒకటి సందులో దూర్చి మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. మామూలు జిగురున్నంత మేరా చిటచిటమని శుభ్రంగా విడిపోయింది. వడ్రంగి జిగురు దగ్గరికి వచ్చేసరికి చెక్క పేళ్ళు పేళ్ళుగా లేచిపోయింది. ఒక పేడు గోటి మీద పెట్టి చూపించి, సగం అరవం సగం తెలుగులో, “అమ్మా, ఇది విప్పడానికి చేసిన పెట్టె, మీరు సీలు వేసేశారు” అన్నాడు.

అసలు కిటుకు అప్పుడు అర్థమైంది. ఫిడేలుకి వాడేది పశువుల తోలు ఉడికించి చేసిన జిగురు. తేమకీ వేడికీ వదులుతుంది. వదలాలనే అది వాడతారు. పై పలక స్ప్రూస్ చెక్క, వానలకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు జిగురు విడిపోతే చెక్క బతుకుతుంది, విడిపోకపోతే చెక్కే చీలుతుంది. నేను విశాఖ వానల్లో ఉబ్బిన చెక్కని వదలని జిగురుతో కట్టేసి, హైదరాబాద్ ఏసీలో ఎండబెట్టాను. లోపల చిన్న చెక్క బిళ్ళలు అంటించి బీట మూసినందుకు 11 వేలయింది. ఫిడేలు కొన్నది 18 వేలకి.

కాబట్టి అమ్మేవాళ్ళని ‘దీన్ని ఎప్పుడైనా విప్పారా, ఎవరు విప్పారు’ అని అడగండి. వెనక పలక మీద, లోపల సౌండ్‌పోస్ట్ (రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న పుల్ల) నిలబడే చోట బీట ఉంటే మాత్రం బేరమే ఆడకండి, లేచి వచ్చేయండి. వేళ్ళు పెట్టే పలకని తడిగుడ్డతో రుద్దండి, నలుపు అంటితే పైన రంగు వేశారన్నమాట, లోపల ఎబొనీ (గట్టి నల్ల చెక్క) కాకపోవచ్చు. మన గమకాలకి ఎబొనీయే అరిగి గాళ్ళు పడుతుంది, మామూలు చెక్క ఏం నిలుస్తుంది! ఇంకొకటి, షాపులో పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసి వాయించి చూపిస్తే మోసపోకండి. మనం స-ప-స-పకి తీగలు బాగా దించుతాం. దించితే గొంతు బొంగురుపోయేవి చాలా ఉంటాయి. అమ్మాయి శ్రుతికే దించి వినండి.

కొత్తదయినా ఫరవాలేదు. 2010లో అమెరికాలో 21 మంది వయొలినిస్టులకి కళ్ళు కనబడకుండా అద్దాలు పెట్టి పాత ఇటాలియన్‌వీ కొత్తవీ ఇస్తే ఎక్కువమంది కొత్తదే పట్టుకెళ్తామన్నారు. మనవాళ్ళకి పాతదంటే అదో పిచ్చి.

కమాను సంగతి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. మీ 60 వేల్లో 15 వేలు దానికి తీసి పక్కన పెట్టండి. మంచి కమానులు బ్రెజిల్ పెర్నాంబుకో చెక్కతో చేస్తారు, 2007 నుంచి ఆ చెక్క వ్యాపారం మీద అంతర్జాతీయంగా ఆంక్షలున్నాయి, ధర అందదు. మన తేమకి కార్బన్ ఫైబర్ కమాను హాయి. వాయించడం అయ్యాక కమాను చివరి మర తిప్పి దాని వెంట్రుకలు వదులు చెయ్యాలి. ఈ ఒక్క పని పిల్లలచేత చేయించలేక నేను అరిచిన అరుపులు అపార్ట్‌మెంట్ అంతా విన్నారు. జారుడు కోసం వేళ్ళకి కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు అదే చేత్తో వెంట్రుకలు ముట్టుకుంటే అంతే సంగతులు, రోజిన్ (వెంట్రుకలకి రాసే గట్టి బంక) పట్టదు, కమాను జర్రున జారుతుంది. పెట్టె నెలల తరబడి మూసి ఉంచితే చీకట్లో పురుగులు ఆ గుర్రపు వెంట్రుకల్ని కొరికేస్తాయి. పెట్టె తెరిచేసరికి జుట్టు రాలినట్టు ఉంటుంది. అప్పుడప్పుడూ తెరిచి వెలుతురు తగలనివ్వండి.

కచేరీల్లో మైకు బిళ్ళని డబుల్ టేపుతో వార్నిష్ మీద అంటించే సౌండువాళ్ళ గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది, వద్దు.

మళ్ళీ విశాఖ వచ్చేశాం. నా ఫిడేలు ఈ శ్రావణంలో కూడా అదే చోట విచ్చుకుంది. ఈసారి సంతోషమే వేసింది. వచ్చే వారం చెన్నైకి టికెట్ తీశాను.